నొక్కినా పలకని పెట్టె

పిల్లలూ,

మీ ఇంట్లోనో, మీ బళ్ళోనో బల్లమీద పెట్టుకునే కంప్యూటరు ఒకటి ఉండే ఉంటుంది. ఒకనాడు మీరు దాని బటను నొక్కుతారు. అది పలకదు. దీపం వెలగదు, ఫాను తిరగదు, తెర నల్లగా ఉంటుంది. అప్పుడు పెద్దవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. "ఎవర్రా దీన్ని పాడుచేసింది?"

నేను కూడా ఆ ప్రశ్నే అడిగాను. ముప్ఫై ఏళ్ళపాటు బళ్ళో సైన్సు చెప్పినవాణ్ణి అయివుండీ అడిగాను. పైగా అడగరానివాణ్ణి అడిగాను. ఆ కథ మీకు చెబుదామనే ఇది రాస్తున్నాను.

మాది జఫర్‌గఢ్. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది; 2016లో జనగామ జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఊరికి ఆనుకుని గుట్ట, గుట్టమీద పాతకోట ఉన్నాయి. జఫరుద్దౌలా పేరుమీదనే ఊరికి ఆ పేరు వచ్చింది. ఉద్యోగం చాలించాక నేను ఊళ్ళోనే ఉండిపోయాను. మా వరండాలో ఒక పాత కంప్యూటరు ఉంది. సాయంత్రం పూట చుట్టుపక్కల పిల్లలు వచ్చి దానిమీద టైపు నేర్చుకుంటూ ఉంటారు. వాళ్ళలో పక్కింటి పిల్లవాడు ఒకడున్నాడు. ఏడో తరగతి చదువుతున్నాడు. వాడికి మాటలు తక్కువ, చూపు ఎక్కువ. మీ తరగతిలో కూడా అటువంటివాడు ఒకడు ఉండే ఉంటాడు.

ఆ కంప్యూటరులో నాకు ప్రాణంతో సమానమైనది ఒకటి ఉంది. మా ఆవిడ బతికివుండగా బతుకమ్మ పాటలు పాడుతూంటే ఫోనులో పట్టి, దానిలోకి ఎక్కించాను. మొత్తం పదకొండు పాటలు. తరువాత ఆ ఫోను పాడైపోయింది. ఆమె కూడా పోయి నాలుగేళ్ళయింది. ఏటా బతుకమ్మ పండుగ రోజుల్లో సాయంత్రం దీపాల వేళకు ఆ పాటలు పెట్టుకుని వినటం నాకు అలవాటు. వాటికి ఇంకొక నకలు తీసి పెట్టుకుందామని నాలుగేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. అనుకోవటమే గాని చేసింది లేదు.

మొన్న ఎంగిలిపూల బతుకమ్మ మూడు రోజులుందనగా ఇల్లంతా బూజు దులిపాను. పనిలో పనిగా కంప్యూటరు పెట్టె పక్క రేకు ఊడదీసి, లోపల దుమ్ము కూడా బ్రష్షుతో దులిపి, మళ్ళీ మూసేశాను. మరునాడు సాయంత్రం పక్కింటి పిల్లవాడు ఎప్పటిలాగే వచ్చి కూర్చుని బటను నొక్కాడు. పెట్టె పలకలేదు.

"సారూ, ఇది వస్తలేదు," అన్నాడు వాడు.

నేను వచ్చి నొక్కాను. లాభం లేదు. మళ్ళీ నొక్కాను. పదిసార్లు నొక్కాను. మొదటిసారి పలకనిది పదోసారి పలుకుతుందని ఎందుకనుకుంటామో నాకు తెలియదు గాని, అందరమూ అలాగే చేస్తాం. నాకు పాటలు జ్ఞాపకం వచ్చాయి. గుండె ఝల్లుమంది.

"ఏం చేశావురా దీన్ని? ఏం నొక్కావు?" అని గట్టిగా అరిచాను.

"నేనేం చెయ్యలే సార్. మీరు మొన్న..." అని వాడు ఏదో చెప్పబోయాడు.

"నోరు మూసుకుని ఇంటికి పో," అన్నాను.

వాడు వెళ్ళిపోయాడు. నేను పట్నంలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయనకు ఫోను చేశాను. ఆయన చూడకుండానే, "మదర్‌బోర్డు పోయినట్టుంది సార్, పట్టుకురండి," అన్నాడు. చూడకుండా తీర్పు చెప్పినవాళ్ళం ఆ సాయంత్రం ఇద్దరమయ్యాము.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్లవాడి అవ్వ మా గడపదగ్గరకు వచ్చింది. "సారూ, పోరడు రాత్రి బువ్వ తినలే. నేను ముట్టలే అవ్వా, నేను ముట్టలే అని ఒక్కతీరుగ ఏడుస్తున్నడు. ఏమైంది సారూ? గది ఎంతైతదో చెప్పు, పత్తి పైసలు రాంగనే ఇస్తం," అన్నది.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఏమీ కాలేదమ్మా, నేను చూస్తాను," అని ఆమెను పంపి, పెట్టెముందు చతికిలబడ్డాను. వాడు పాడుచేశాడని నాకు ఎలా తెలుసు? తెలియదు. అసలు ఏం పాడైందో తెలుసునా? అదీ తెలియదు. బల్బు వెలగకపోతే ఏం చెయ్యాలో ఏటా తరగతిలో చెప్పేవాణ్ణి: బాటరీ దగ్గర మొదలుపెట్టి, తీగ వెంట నడుచుకుంటూ పొండి అనేవాణ్ణి. ఇప్పుడు నేనూ గోడ దగ్గర మొదలుపెట్టాను.

కోటలోకి పోవాలంటే ఒక దర్వాజా దాటాక ఇంకొక దర్వాజా వస్తుంది గదా! కరెంటు కూడా గోడలోనుంచి బయలుదేరి అలాగే ఒక్కొక్కటే దాటుకుంటూ పోవాలి. ఏ దర్వాజా దగ్గర ఆగిపోయిందో కనుక్కుంటే చాలు, మిగిలినవాటి జోలికి పోనక్కరలేదు.

గోడకున్న ప్లగ్గులో చదువుకునే దీపం పెట్టి చూశాను. వెలిగింది. మన దేశంలో ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. అది గోడదాకా వస్తూనే ఉంది. గోడకూ పెట్టెకూ మధ్య యూపీఎస్ ఉంది, అంటే కరెంటు పోయినప్పుడు కాసేపు ఆదుకునే బాటరీ పెట్టె. దానిలో బాటరీ ముసలిదై చచ్చిపోతే అది ఒక్కొక్కప్పుడు కరెంటు ఉన్నప్పుడు కూడా మొండికేస్తుంది. అందుచేత దాన్ని తప్పించి, కంప్యూటరును తిన్నగా గోడకే తగిలించాను. ఊహూఁ, పలకలేదు.

తరువాత తీగ. మీరు గమనించారో లేదో, చాలా కంప్యూటర్లకూ వాటి తెరలకూ వచ్చే కరెంటు తీగ ఒకే రకం. మా తెరకు చిన్న దీపం వెలుగుతూనే ఉన్నది గనక దాని తీగ మంచిదే. ప్లగ్గు తీసి, ఆ తీగను పెట్టెకు మార్చి చూశాను. పైసా ఖర్చులేని పరీక్ష ఇది. అప్పుడూ పలకలేదు గనక పాత తీగ తప్పేమీ లేదన్నమాట.

పెట్టె వెనకాల, తీగ గుచ్చేచోట చాలావాటికి ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. దానిమీద ఒకవైపు నిలువు గీత, ఒకవైపు సున్న ఉంటాయి. గీత వైపు నొక్కివుంటే కరెంటు లోపలికి పోతుంది, సున్న వైపు ఉంటే పోదు. ఇల్లు ఊడుస్తూ పెట్టెను జరిపినప్పుడు ఇది సున్న వైపు ఒరిగిపోయి, ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోయిన సందర్భాలు నేను చూశాను. మాది గీత వైపే ఉంది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఫాను తిరుగుతూ, దీపం వెలుగుతూ, తెరమీద మాత్రం ఏమీ రాకపోతే అది వేరే జబ్బు. అప్పుడు కరెంటు లోపలికి వచ్చిందన్నమాటే. ర్యామ్ అనే జ్ఞాపకపు పలక కదిలిందో, తెర తీగ వదులైందో చూడాలి. పెట్టె కీచుమని ఒకటి రెండుసార్లు అరిచినా అంతే. మాది అరవలేదు, కదలలేదు, చిన్న చప్పుడైనా చెయ్యలేదు. చెవి ఆనించి మరీ విన్నాను.

ఇక లోపల చూడాలి. గోడనుంచి ప్లగ్గు పీకేసి, అప్పుడు రేకు ఊడదీశాను. బల్లి దూరిందేమో, చీమలు పుట్ట పెట్టాయేమోనని నా అనుమానం. నవ్వకండి! 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంవారి మార్క్-2 అనే కంప్యూటరు సరిగా పనిచెయ్యలేదు. వెతగ్గా వెతగ్గా దాని రిలేలలో, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే మీటలలో, ఒకదాని మధ్య చిమ్మట పురుగు ఇరుక్కుని కనిపించింది. వాళ్ళు ఆ పురుగును తీసి, రోజువారీ పుస్తకంలో అతికించి, దాని పక్కన సంగతి రాసిపెట్టారు. ఆ పుస్తకం ఇప్పటికీ అమెరికాలో మ్యూజియంలో ఉంది. ఆ రోజుల్లో యంత్రం గదినిండా ఉండేది గనక మనిషి దానిలో తిరుగుతూ వెతికేవాడు.

మన హైదరాబాదులో కూడా కంప్యూటర్లు చేశారని మీకు తెలుసునా? 1967లో అక్కడ ఈసీఐఎల్ అనే ప్రభుత్వ సంస్థను స్థాపించారు. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో పుట్టినవారు. హైదరాబాదులో ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరుమీదనే వెలిసింది. ఆ సంస్థ టీడీసీ-12 అనే కంప్యూటరును తయారుచేసింది. మీ తాతలు బళ్ళో పలకమీద లెక్కలు చేసుకునే రోజుల నాటి మాట అది.

సరే, మా పెట్టెలో బల్లీ లేదు, చీమా లేదు, మొన్న దులిపాను గనక దుమ్మూ లేదు. ఒక మూల ఇనపరేకుతో మూసిన చిన్న డబ్బా ఉంది. దాన్ని ఎస్‌ఎంపీఎస్ అంటారు. గోడలోనుంచి వచ్చే 230 వోల్టులను తీసుకుని 12, 5, 3.3 వోల్టులుగా మార్చి పంచిపెట్టేది అదే. పిల్లలూ, ఆ డబ్బాను మాత్రం ఎన్నడూ విప్పకండి. మీ నాన్నగారు విప్పబోయినా వద్దనండి. దానిలో కరెంటును దాచుకునే కెపాసిటర్లుంటాయి. వాటిలో దాదాపు 325 వోల్టులు నిండివుంటాయి. ప్లగ్గు పీకిన తరువాత కూడా కొంతసేపు అవి నిండివుండవచ్చు. గోడలోని కరెంటుకన్న అది ఏమాత్రమూ మంచిది కాదు.

డబ్బాను విప్పకుండానే అది బతికివుందో లేదో తెలుసుకోవటానికి ఒక మార్గం ఉంది. నేను రేకు తెరిచే ఉంచి, చేతులు వెనక్కు పెట్టుకుని, ప్లగ్గు మళ్ళీ గోడకు తగిలించాను. అప్పుడు మదర్‌బోర్డుమీద ఒక మూల మిణుగురు పురుగంత ఆకుపచ్చ దీపం వెలిగింది.

దాన్ని చూసి నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఎందుకంటే, పాతకాలపు కంప్యూటర్లలో బటను నొక్కటమంటే గోడ కరెంటును తిన్నగా కలపటమే, మన ఇంట్లో లైటు స్విచ్చి మాదిరిగా. 1995లో ఇంటెల్ కంపెనీవారు ఏటీఎక్స్ అనే కొత్త పద్ధతి తెచ్చారు. ఈ పద్ధతిలో కంప్యూటరు ఆపివుంచినా పూర్తిగా నిద్రపోదు. ప్లగ్గు తగిలించి, వెనక స్విచ్చి వేసివున్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ ఒక్క 5 వోల్టుల సన్నని ధారను మదర్‌బోర్డుకు పంపుతూనే ఉంటుంది, రాత్రిపూట గూర్ఖా మేలుకుని ఉన్నట్టు. మనం బటను నొక్కితే రెండు సన్నని తీగలు ఒక్క క్షణం కలుసుకుంటాయి. మదర్‌బోర్డు ఆ సంగతి గ్రహించి, ఎస్‌ఎంపీఎస్‌కు వెళ్ళే ఆకుపచ్చ తీగ ద్వారా "లే, పని మొదలుపెట్టు" అని కబురు పంపుతుంది. అప్పుడు మాత్రమే మిగిలిన వోల్టులన్నీ వస్తాయి. అవి కుదుటపడ్డాక ఎస్‌ఎంపీఎస్ "అంతా సరిగా ఉంది" అని తిరుగు కబురు పంపుతుంది. ఇదంతా అర సెకను లోపల జరుగుతుంది. ఆ తరువాతే కంప్యూటరు ఆలోచించటం మొదలుపెడుతుంది.

ఆకుపచ్చ దీపం వెలిగిందంటే గోడ, తీగ, వెనక స్విచ్చి ఇవన్నీ కరెంటును దాటనిచ్చాయన్నమాట. ఎస్‌ఎంపీఎస్ మేలుకునే ఉంది. మదర్‌బోర్డు కూడా ఊరికే చచ్చిపడి లేదు. పూర్తిగా నమ్మటానికి లేదు గాని, అనుమానించవలసినవి రెండో మూడో మిగిలాయి. అన్నిటికన్న సులువుగా పరీక్షించగలిగింది ముందరి బటను.

మరొక సంగతి కూడా నా మనసు కుదుటపడేట్టు చేసింది. ముందురోజే జ్ఞాపకం రావలసినది, కోపంలో రాలేదు. పాటలుండేది హార్డుడిస్కులో. దానిలో గుండ్రని పళ్ళేలమీద అయస్కాంతపు పూత ఉంటుంది. పాట అయినా, పద్యమయినా, బొమ్మ అయినా ఆ పూతలో సన్నసన్న అయస్కాంతపు గుర్తులుగా నిలిచివుంటుంది. కరెంటు పోయినంత మాత్రాన అవి చెరిగిపోవు. మదర్‌బోర్డు నిజంగా పోయినా సరే, డిస్కు ఊడదీసి మరొక కంప్యూటరుకు తగిలిస్తే పాటలు పలుకుతాయి. అంటే, ఆ సాయంత్రం నేను దేనికోసమైతే అంత గట్టిగా అరిచానో, దానికి అపాయమే లేదు.

బటను పరీక్షించటానికి బాగుచేసేవాళ్ళు ఒక పని చేస్తారు. బటను తీగలు ఊడదీసి, అవి గుచ్చుకునే రెండు సూదులను స్క్రూడ్రైవరు మొనతో క్షణకాలం కలుపుతారు. నేను కూడా స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాను. కాని నా చేయి కొంచెం వణుకుతుంది. ఆ సూదులేమో బియ్యపుగింజకన్న సన్నం. మంచి కన్ను, నిలకడైన చేయి కావాలి.

స్క్రూడ్రైవరు అక్కడే పెట్టి పక్కింటికి వెళ్ళాను. పిల్లవాడు బావి గట్టుమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు గాని, మొహం ఎత్తలేదు.

"తప్పు నాదిరా బిడ్డా. చూడకుండా నిన్ను అన్నాను. వచ్చి కొంచెం సాయం చేస్తావా?" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించాడు. వెంటనే వస్తే వాడి గౌరవం ఏం కావాలి! చివరకు వచ్చాడు. వరండాలో పెట్టెముందు కూర్చుని లోపలికి వంగి చూశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పిమ్మట మెల్లిగా, "సారూ, మొన్న మీరు దులుపుతుంటే ఇక్కడ రెండు సన్న వైర్లు ఊసొచ్చినై. మీరే మళ్ళ పెట్టిండ్రు. నేను గోడ మీదికెల్లి చూసిన," అన్నాడు.

"మరి నిన్ననే ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పనిస్తే గద సార్."

నా దగ్గర జవాబు లేదు. నిజమే, బ్రష్షు తగిలి రెండు తీగలు ఊడివచ్చాయి. ఉన్నచోటే గుచ్చాననుకున్నాను. కళ్ళజోడు పెట్టుకోలేదు కూడాను.

నేను స్క్రూడ్రైవరు వాడి చేతికివ్వబోయాను. వాడు పుచ్చుకోలేదు. పెట్టె ముందువైపు చూస్తూ, "సారూ, గా చిన్న బటను ఒత్తి చూద్దామా?" అన్నాడు.

ఆ చిన్న బటను కంప్యూటరు నడుస్తూ బిగుసుకుపోయినప్పుడు మళ్ళీ మొదటినుంచి నడిపించటానికి పెట్టింది. దాన్ని రీసెట్ అంటారు. ఆపివున్న కంప్యూటరులో దాన్ని నొక్కితే ఏమీ జరగదు. "దానివల్ల ఏమవుతుందిరా!" అనబోయి, ఒకసారి బుద్ధి వచ్చింది గనక నోరు మూసుకున్నాను. "ఒత్తు," అన్నాను.

వాడు ఒత్తాడు. ఫాను గిర్రున తిరిగింది. తెరమీద అక్షరాలు పరుగెత్తాయి.

పిల్లలూ, ఏం జరిగిందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మొదలుపెట్టే బటను తీగ చివరా, రీసెట్ బటను తీగ చివరా ఒకే కొలత. రెండింటికీ రెండేసి బెజ్జాలు. వాటిమీద పేర్లు చీమతలకాయలంత అక్షరాలతో రాసివుంటాయి. నేను దీన్ని దాని సూదులకూ, దాన్ని దీని సూదులకూ గుచ్చాను. బటను అంటే రెండు తీగలను కలిపేది, అంతే. తనది పెద్ద బటనో చిన్న బటనో దానికి తెలియదు. అందుచేత పెద్ద బటను నొక్కితే నిద్రపోతున్న కంప్యూటరుకు "మళ్ళీ మొదలుపెట్టు" అన్న కబురు వెళ్ళింది, అది పట్టించుకోలేదు. చిన్న బటను నొక్కితే "లే" అన్న కబురు వెళ్ళింది, లేచింది! స్క్రూడ్రైవరు, కొత్త మదర్‌బోర్డు, పట్నం ప్రయాణం ఇవేవీ అక్కరలేకుండా వాడు ఒక్క వేలితో సంగతి తేల్చాడు.

అయితే ఊరికే తోచి ఒత్తాడనుకున్నాను. అడిగితే, "రెండు వైర్లు ఊసినై, రెండు పెట్టిండ్రు. ఒకటి తప్పు పెడితే రెండోది గూడ తప్పే గద సార్," అన్నాడు. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినా నాకు ఆ లెక్క తట్టలేదు.

కంప్యూటరును ఆపి, ప్లగ్గు పీకి, ఆకుపచ్చ దీపం పూర్తిగా ఆరిపోయిందాకా ఆగాము. ప్లగ్గు పీకిన తరువాత కూడా అది కొన్ని క్షణాలు వెలుగుతూనే ఉంటుంది. అది ఆరకుండా లోపల చెయ్యి పెట్టరాదు. తరువాత నేను భూతద్దంతో అక్షరాలు చదివాను, వాడు తీగలు మార్చి గుచ్చాడు. మూత బిగించి పెద్ద బటను నొక్కితే పెట్టె బుద్ధిగా పలికింది.

ఆ సాయంత్రం వాడి అవ్వ కూడా వచ్చి మా వరండాలో కూర్చుంది. పదకొండు పాటలూ వరసగా పెట్టాము. మూడో పాటకు ఆమె గొంతు కలిపింది. ఒకచోట మా ఆవిడ పాట మధ్యలో ఆగి, "పాలు పొంగుతున్నయేమో చూడుండ్రి," అని నాతో అనటం కూడా దానిలో ఉంది. అది విని ఆమె నవ్వింది, తరువాత కళ్ళు తుడుచుకుంది.

పిల్లవాడు మాత్రం పాటలు వింటూనే వాటిని రెండు పెన్‌డ్రైవులలోకి ఎక్కించాడు. ఒకటి మా ఇంట్లో, ఒకటి వాళ్ళ ఇంట్లో ఉండాలట. అది అయ్యాక చిన్న కాగితపు ముక్కలమీద "పెద్దది", "చిన్నది" అని రాసి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ మూత తీసినప్పుడు తీగలకు అతికిస్తాడట.

"ఈసారి దులిపేటప్పుడు నన్ను పిలువుండ్రి సార్," అని చెప్పి వెళ్ళాడు.